నవ్వు రాని అర సెకను: ఫిలిప్ గోలియే బడి

[దృశ్యం: ఖాళీ వేదిక. మధ్యలో పింగాణీ పళ్ళేల దొంతర.]

ఫ్రాన్స్‌లో ఇద్దరు హాస్యనటులు రోజూ ఒక్క ప్రదర్శనలోనే 200 పళ్ళేలు పగలగొట్టేవారు. ఒకరు పియెర్ బీలాండ్, రెండోవారు ఫిలిప్ గోలియే.

గోలియే 1943లో పారిస్‌లో పుట్టారు. విషాద పాత్రలు వేయాలన్నది ఆయన కోరిక. కానీ ఆయన గంభీరంగా నటిస్తే జనం నవ్వేవారు. ఆ నవ్వు వెంటే నడిచారాయన. జాక్ లెకోక్ నటనశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, 1980లో సొంత బడి తెరిచారు. అది 1991లో లండన్‌కు మారింది, తర్వాత ఫ్రాన్స్‌కే తిరిగి వచ్చి ఎతాంప్ పట్టణంలో స్థిరపడింది. బ్రిటిష్ నటులు ఎమ్మా థాంప్సన్, సాషా బేరన్ కోహెన్ ఆయన దగ్గర నేర్చుకున్నవారే.

అక్కడి పాఠాల్లో ‘బూఫోన్’ ఒకటి. ఊరు వెలివేసినవాడు తిరిగి వచ్చి, వెలివేసినవాళ్ళనే అనుకరించి నవ్వించడం. మన నాటకాల ‘బఫూన్’ ఈ ఫ్రెంచి మాట నుంచే ఇంగ్లిష్ మీదుగా మనకు వచ్చింది.

[దృశ్యం: డోలు మీద ఒక చెయ్యి.]

ఇక అసలు పాఠం. గోలియే డోలు పట్టుకుని కూర్చునేవారు. విద్యార్థి వేదిక ఎక్కి ఏదో చేసేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు. డోలు మోగేది, అంటే దిగిపొమ్మని.

మన సినిమావాళ్ళు వినడానికే భయపడే ‘ఫ్లాప్’ అన్న మాట ఆయన బోధనకు గుండెకాయ. జోకు పేలలేదని నటుడికి తెలిసే అర సెకను ఉంటుంది. అప్పుడు చాలామంది గొంతు పెంచుతారు, చేతులు మరింత ఊపుతారు, ఏమీ జరగనట్టు ముందుకు పోతారు. గోలియే నేర్పింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆగాలి. ప్రేక్షకుల వైపు చూడాలి. దొరికిపోయానని కళ్ళతో ఒప్పుకోవాలి. ఇంతసేపూ బిగుసుకుని కూర్చున్నవాళ్ళు అప్పుడు నవ్వుతారు, ఆ మనిషి మీద ఇష్టంతో నవ్వుతారు.

ఆయన విమర్శలు చాలా కటువుగా ఉండేవి. నేర్పడానికి అంత పరుషత్వం అక్కర్లేదని నా అభిప్రాయం. కానీ ఈ పాఠం మాత్రం నాకు అమూల్యంగా తోస్తుంది. ఎందుకంటే ఓటమిని దాచే కష్టం నుంచి నటుణ్ణి ఇది విడిపిస్తుంది.

[దృశ్యం: నటుడి కళ్ళు, దగ్గరగా.]

ఈసారి హాస్య నాటిక చూస్తున్నప్పుడు ఎక్కడైనా జోకు పేలకపోతే, వెంటనే నటుడి కళ్ళు గమనించండి. నేలను చూస్తున్నాయా, మిమ్మల్నా?