వారానికి రెండు గంటలు అడగడానికి వచ్చాను

ప్రిన్సిపల్ గారికి, లెక్చరర్లకు, ఎన్ఎస్ఎస్ పిల్లలకు నమస్కారం. వేదిక మీద పెద్దలందరి పేర్లూ చెప్పాలి గానీ నాకిచ్చింది పదిహేను నిమిషాలు. మన్నించాలి.

ఏటా అక్టోబరు రెండో శనివారం పాలియేటివ్ కేర్ దినం. జబ్బు నయం కాదని తెలిశాక కూడా మనిషి బాధను తగ్గించే వైద్యం ఇది. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ దీనికోసం హాస్పిస్, అంటే నయం కాని రోగుల్ని చూసుకునే చోటు, తెరిచారు. మన దేశంలో కేరళ దారి చూపింది. 1993లో కోళికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ వాళ్లు మొదలుపెట్టారు. తర్వాత ఊళ్లో వాళ్లే వారానికి రెండు గంటలు కేటాయించి, శిక్షణ తీసుకుని, రోగుల ఇళ్లకు వెళ్లడం నేర్చుకున్నారు.

1993 అన్నాను కదా. మావారు గొంతు క్యాన్సర్‌తో పోయింది 2009లో. పదహారేళ్ల తర్వాత! ఒక పెద్ద ఆసుపత్రిలో "ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. నొప్పికి మార్ఫిన్ అనే మందుందని ఒక్కరూ చెప్పలేదు. 1985 మత్తు మందుల చట్టం తర్వాత ఆ మందు దొరకడమే కష్టమైందని, 2014లో సవరించాక కాస్త సులువైందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నలభై రోజులు ఆయన కేకలు పెట్టారు. చూడ్డానికొచ్చిన వాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి "ధైర్యంగా ఉండమ్మా" అని వెళ్లిపోయేవాళ్లు. పిల్లలూ, దయచేసి ఆ మాట ఎవరితోనూ అనకండి. లోపలికి వచ్చి కూర్చోండి.

కూర్చుంటే ఏమవుతుందంటారా? నేనూ అలా రోగుల ఇళ్లకు వెళ్తుంటాను. వాళ్లలో ఒకామె సంగతి చెబుతాను. పేరు చెప్పను. వయసు నలభై ఉంటుంది. నర్సమ్మ ఇచ్చిన మాత్రలు నాలుగు గంటలకోసారి వేసుకోవాలి. అయినా నొప్పి తగ్గట్లేదు, ఎందుకో అంతుపట్టలేదు. నేను వెళ్లేసరికి ఆమె జుట్టు అట్టకట్టి ఉంది. మంచం పట్టాక ఎవరూ దువ్వలేదట. కొబ్బరినూనె అడిగి, కొసల నుంచి పాయ పాయగా చిక్కు తీయడం మొదలుపెట్టాను. కుదుళ్ల దాకా వచ్చేసరికి గంట పట్టింది. ఆమె కళ్లు మూసుకుని, "టీచరమ్మా, ఒక మాట చెప్త, నర్సమ్మకు చెప్పకు. రాత్రి గోలీ నేను ఏసుకుంటలేను" అంది. తలగడ కింద చూపించింది, కాగితంలో చుట్టిన మాత్రలు. కొడుకు ఆటో నడుపుతాడు. నడిజామున వస్తాడు. మత్తులో ఉంటే వాడొచ్చింది తెలియదని, వాడు తిన్నాడో లేదో అడగలేనని ఆమె భయం.

నర్సమ్మ నొప్పి ఎంతుందని ఎన్నోసార్లు అడిగింది. కానీ ఆ ఊళ్లో ఆమె ఇంకా ఆరిళ్లు తిరగాలి, ఒక జుట్టు దగ్గర గంట ఎలా కూర్చుంటుంది? నేను ఆమెను ఒప్పించి, నర్సమ్మకు చెప్పాను. నర్సమ్మ, డాక్టర్ గారు కలిసి మాత్రల వేళలు మార్చారు. మొదట్లో ఉండే మత్తు కొన్ని రోజుల్లో చాలామందికి తగ్గుతుందని ఆమెకు వివరించారు. ఆ వారం నుంచి ఆమె నిద్రపోయింది, కొడుకు వచ్చినప్పుడు లేచింది కూడా.

మందులివ్వడం మన పని కాదు. ఇంజెక్షన్ల జోలికి మనం పోము. ఎండిన పెదాలు తడి గుడ్డతో అద్దడం, పక్క మార్చడంలో ఇంటివాళ్లకు చేయి వేయడం, వాళ్లు బజారుకెళ్లి వచ్చేదాకా మంచం పక్కన ఉండడం, ఇవే మన పనులు. "నాకు ఏడుపొస్తే?" అని ఇందాక ఒకమ్మాయి అడిగింది. వస్తుంది తల్లీ. నాకూ వస్తుంది, పన్నెండేళ్లుగా వెళ్తున్నా.

రాసుకొచ్చిన కాగితంలో ఇంకా సగం అలాగే ఉంది. అది చదవను. ఆదివారం పది గంటలకు శిక్షణ మొదలవుతుంది, వచ్చేవాళ్లు మీ మేడమ్ దగ్గర పేరు రాయించండి. నేనిక బయల్దేరాలి. నాలుగింటికి ఒక తాతకు పేపర్ చదివి వినిపించాలి. క్రికెట్ పేజీతో మొదలుపెట్టకపోతే ఒప్పుకోడు.