మంచం దిగని డిటెక్టివ్, తేలని హత్య

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం మనం మాట్లాడుకోబోయే నవలలో డిటెక్టివ్ మంచం దిగడు. స్కాట్లండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్ అలన్ గ్రాంట్ నేరస్థుణ్ణి తరుముతూ కిందపడి, కాలు విరగ్గొట్టుకుని ఆసుపత్రిలో ఉన్నాడు. విసుగు తీరడానికి ఒక కేసు చేపట్టాడు. అది 1483 నాటిది! జోసెఫీన్ టే రాసిన ‘ది డాటర్ ఆఫ్ టైమ్’ 1951లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఆమె కన్నుమూసింది.

కేసు ఇది. 1483 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ రాజు నాలుగో ఎడ్వర్డ్ పోయాడు. పెద్దకొడుక్కి 12 ఏళ్ళు, చిన్నవాడికి 9. వాళ్ళను కాపాడవలసిన బాబాయి రిచర్డ్ జూలైలో తానే పట్టాభిషేకం చేయించుకున్నాడు. లండన్ టవర్‌లో ఉంచిన పిల్లలిద్దరూ ఏమయ్యారో తెలియదు. 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో రిచర్డ్ హతుడయ్యాడు, ఏడో హెన్రీతో ట్యూడర్ రాజవంశం పాలన మొదలైంది. పిల్లల్ని చంపించిన గూనిరాజుగా రిచర్డ్‌ను లోకానికి అప్పజెప్పిన షేక్‌స్పియర్ ట్యూడర్ల కాలం వాడే.

గ్రాంట్ చేతికి రిచర్డ్ చిత్రపటం ఒకటి వస్తుంది. పేరు చెప్పకుండా వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. నర్సు చూసి కాలేయం జబ్బు అంటుంది. సర్జన్‌కు పోలియో కనిపిస్తుంది. తోటి పోలీసు ఇతన్ని న్యాయమూర్తి కుర్చీలో కూర్చోబెడతాడు. హంతకుడని ఒక్కరూ అనరు. సరదా అయిన ఘట్టమే, కానీ సాక్ష్యంగా చిల్లిగవ్వ చెయ్యదు. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్న ఆ పటం, రిచర్డ్ పోయాక దాదాపు వందేళ్ళకు వేసిన నకలు. ఎవరో వేసిన నకలులో గ్రాంట్ మనిషి గుణం వెతుకుతున్నాడు.

పుస్తకం అసలు బలం మరోచోట ఉంది. రిచర్డ్ నేరాన్ని పూసగుచ్చినట్టు చెప్పిన గ్రంథం సర్ థామస్ మోర్‌ది. మహా పండితుడు, సాధువు, అబద్ధమాడడని పేరు. గ్రాంట్ పోలీసు బుర్రతో ఒకే ప్రశ్న వేస్తాడు: ఇదంతా జరిగినప్పుడు ఈయన ఎక్కడున్నాడు? రిచర్డ్ రాజైన ఏడు మోర్‌కు 5 ఏళ్ళు. తరువాత పెరిగింది మార్టన్ ఇంట్లో. ఆ మార్టన్ రిచర్డ్‌కు బద్ధశత్రువు, హెన్రీ హయాంలో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్. ఇంత గొప్ప గ్రంథం చివరికి విన్నమాటే అని తేలిన ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

ఇలాంటి ప్రశ్నే ఇంకొకటి. పిల్లల తల్లి ఎలిజబెత్ వుడ్‌విల్ 1484 మార్చిలో, రిచర్డ్ ఇచ్చిన ప్రమాణం నమ్మి, కూతుళ్ళతో సహా చర్చి ఆశ్రయం వదిలి బయటికొచ్చింది. కొడుకుల్ని చంపినవాడి నీడకు ఏ తల్లి వస్తుంది? అదే ఏడు పార్లమెంటు ఎడ్వర్డ్ వివాహం చెల్లదని, పిల్లలకు సింహాసనంపై హక్కు లేదని చట్టం చేసింది. హెన్రీ గద్దెనెక్కగానే దాన్ని చదివి వినిపించకుండానే రద్దు చేయించి, నకళ్ళన్నీ నాశనం చెయ్యమన్నాడు. ఆ పిల్లల అక్కను పెళ్ళాడాలంటే ఆమె సక్రమ సంతానం కావాలి. ఆమె సక్రమమైతే తమ్ముళ్ళూ సక్రమమే, హెన్రీకంటే ముందు హక్కు వాళ్ళదే. కనుక వాళ్ళు బతికి ఉండకూడనిది ఎవరికి? ఈ ముడి విప్పిన తీరు అద్భుతం.

ఇక్కడే టేతో నాకు పేచీ. లాభం ఉంది కనుక హెన్రీయే చేయించాడనడం, ట్యూడర్లు రిచర్డ్‌కు చేసిన పనే హెన్రీకి చెయ్యడం. పైగా డొమినిక్ మాన్సినీ అనే ఇటాలియన్ 1483 వేసవిలో లండన్‌లోనే ఉన్నాడు. పెద్దపిల్లవాణ్ణి అంతం చేసి ఉంటారన్న అనుమానం అప్పటికే వినబడుతోందని ఆ ఏడాదే రాశాడు. ఆ రచన 1936లో అచ్చయింది. ఇతను ట్యూడర్ల జీతగాడు కాడు. ఇతన్ని పక్కకు నెట్టడం అంత తేలిక కాదు.

2012లో లెస్టర్‌లో ఒక కారు పార్కింగ్ కింద రిచర్డ్ అస్థిపంజరం బయటపడింది. వెన్నెముక పక్కకు వంకర తిరిగి ఉంది. షేక్‌స్పియర్ చెప్పిన ఎండిపోయిన చెయ్యి మాత్రం కట్టుకథే. పిల్లల సంగతి ఎముకలు చెప్పలేదు. 1674లో టవర్‌లో దొరికిన చిన్న ఎముకలు వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఒక పాత్రలో ఉన్నాయి. 1933లో ఒకసారి తెరిచి పరీక్షించారు. అప్పటికి డీఎన్‌ఏ పరీక్ష లేదు.

ఇక మీ ప్రశ్నలు. హెన్రీ తరఫు వకీళ్ళు ఎవరైనా ఉంటే ముందు వాళ్ళు అడగండి.