పిండి పొంగేలోపు: శివరాత్రికీ ఉగాదికీ మధ్య ఒక ఆదివారం ఉదయం

[దృశ్యం: ఇంకా పూర్తిగా తెల్లవారని మిద్దె. దూరంగా కోయిల కూత.]

మనకు వసంతమే లేదు, చలి పోగానే ఎండలు మొదలు అంటుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దవాళ్లు అంటారు కదా, అక్కడి నుంచి ఉగాది దాకా నెల రోజుల పైచిలుకు ఉంది చూడండి, అదే మన వసంతం మొదలు. పంచాంగంలో అది ఇంకా శిశిరమే, చైత్రం రావాలి. చెట్లు అంతవరకు ఆగవు. హైదరాబాద్‌లో ఫిబ్రవరి మధ్యాహ్నాలు 31 డిగ్రీల దాకా వెళ్లినా, తెల్లవారుజామున 18 దగ్గర ఉంటుంది. నడవడానికి, విత్తనం వేయడానికి, ఇంట్లో బ్రెడ్ చేసుకోవడానికి ఇంతకన్నా మంచి రోజులు మనకు ఏడాదిలో దొరకవు.

ఈ మూడింటినీ ఒకే ఉదయంలో ఎలా కలపాలో చెప్తాను. మనం చేయబోయేది మెంతి బన్నులు. కీలకమంతా వాటి పిండిలో ఉంది. కలిపి పెట్టాక అది తనంతట తాను పొంగుతుంది. ఆ టైమంతా మనదే.

[దృశ్యం: ఉదయం 6 గంటలు. వంటింటి గట్టు మీద పళ్లెం, పిండి, పాలు.]

మైదా 200 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు. ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీస్పూన్, చక్కెర ఒక టేబుల్ స్పూన్, ఉప్పు ముప్పావు టీస్పూన్. గోరువెచ్చని పాలు 200 మిల్లీలీటర్లు. పాలలో చిటికెనవేలు పెట్టి హాయిగా ఉంచగలిగితే చాలు, కాలేంత వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది. అన్నీ కలిపి, చివర్లో 25 గ్రాముల వెన్న వేసి 10 నిమిషాలు పిసకండి.

మొదటి మూడు నిమిషాలు పిండి చేతికి అంటుకుంటూనే ఉంటుంది. దయచేసి పొడిపిండి చల్లకండి. చాలామందికి బన్ను గట్టిగా రావడానికి కారణం అదే. అరచేతి మడమతో ముందుకు తోసి, మడిచి, మళ్లీ తోయండి. ఏడెనిమిది నిమిషాలకు పిండి నున్నగా మారి పళ్లేన్ని వదిలేస్తుంది. చిన్న ముద్ద తీసుకుని రెండు చేతులతో మెల్లగా సాగదీస్తే, తెగకుండా అవతలి వెలుగు కనిపించేంత పల్చగా రావాలి. పిండిలోని గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ వలలా అల్లుకుందని దానర్థం. ఈస్ట్ విడిచే గాలిని పట్టి ఉంచేది ఆ వలే.

గిన్నెలో వేసి తడిబట్ట కప్పేయండి. డిసెంబరు చలిలో ఇది ఎంతకీ పొంగదు, మే నెలలో అరగంటకే పొంగి పులిసిపోతుంది. ఇప్పుడైతే గంటంబావు పడుతుంది. బ్రెడ్డుకు రుచి వచ్చేది ఆ నిదానంలోనే. ఇక చెప్పులేసుకుని బయటికి రండి.

[దృశ్యం: ఉదయపు నడక. రోడ్డు మీద రాలిన పూలు.]

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కేబీఆర్ పార్కుకు వెళ్లొచ్చు. చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న ఈ అడవిని 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. పొద్దున్నే వెళ్తే నెమళ్ల కేకలు వినిపిస్తాయి. అంత దూరం వెళ్లలేకపోతే మీ వీధి చాలు. కానుగ చెట్లు పాత ఆకు రాల్చి, నూనె రాసినట్టు మెరిసే లేతాకు వేస్తున్నాయి. రావిచెట్టు చిగురు రాగిరంగులో ఉంటుంది. రోడ్ల పక్కన గులాబీ రంగులోనో పసుపు రంగులోనో ఒంటినిండా పూసి, ఆకే కనిపించని చెట్లు ఉంటే అవి టబెబుయాలు. మధ్య, దక్షిణ అమెరికాల నుంచి మన దగ్గరికి వచ్చినవి.

నాకు మాత్రం ఈ రోజుల్లో మోదుగ తర్వాతే ఏదైనా. ఆదిలాబాద్ వైపు రోడ్డు మీద వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఎండిన అడవిలో అక్కడక్కడా నిప్పు అంటుకున్నట్టు కనిపిస్తుంది. రాలిన పువ్వును ఒకటి చేతిలోకి తీసుకోండి.

[క్లోజప్: అరచేతిలో మోదుగ పువ్వు.]

కింద ముదురు గోధుమరంగు తొడిమ, మఖమల్ గుడ్డలా మెత్తగా ఉంటుంది. దాని మీద చిలుక ముక్కులా వంగిన నారింజ రంగు రేకు. లోపల అడుగున తేనె. దానికోసమే తేనెపిట్టలు, గోరింకలు పొద్దున్నుంచీ ముసురుతాయి. ముక్కుకు, తలకు పుప్పొడి అంటించుకుని ఇంకో చెట్టుకు మోసుకెళ్తాయి. ఈ పూలను వేడినీళ్లలో రాత్రంతా నానబెడితే పసుపు కలిసిన నారింజ రంగు దిగుతుంది. తెలంగాణ పల్లెల్లో హోలీకి చల్లుకునే రంగు అదే. ఈసారి ఇంట్లో పిల్లలతో చేసి చూడండి. చెట్టు మీది పూలు కోయకండి, కింద రాలినవే కావలసినన్ని దొరుకుతాయి.

సరిగ్గా నీళ్లు లేని రోజుల్లో, ఒక్క ఆకు లేకుండా, ఇన్ని పూలు ఎందుకు? ఆకుల రంధ్రాల్లోంచి చెట్టు నీళ్లు ఆవిరైపోతుంటాయి కాబట్టి, ఎండలు ముదిరేలోపు ఆకు రాల్చి నీళ్లు మిగుల్చుకుంటుంది. ఆకులు అడ్డం లేకపోతే పూలు పిట్టలకు దూరం నుంచే కనిపిస్తాయి. ఇప్పుడు పూస్తే కాయ ఎండాకాలంలో ముదిరి, తొలకరి వచ్చేసరికి విత్తనం నేల మీద సిద్ధంగా ఉంటుంది. బూరుగదీ ఇదే దారి. అరచేతంత ఎర్రపూలు దబ్బున పడుతుంటాయి దాని కింద.

[దృశ్యం: ఉదయం 7.45. గిన్నెలో రెట్టింపు అయిన పిండి.]

ఇంటికి వచ్చేసరికి పిండి రెట్టింపు అయి ఉంటుంది. వేలితో నొక్కితే గుంట మెల్లగా సగం వరకే పూడాలి. టక్కున పూడిపోతే ఇంకో పావుగంట ఆగండి.

ఈలోపు మిద్దె మీదికి వెళ్లి ఒక కప్పు మెంతికూర కోసుకురండి. చలికాలం వేసిన మెంతికి ఇవే ఆఖరి రోజులు, ఎండ పెరిగితే పూతకు వచ్చి ఆకు ముదిరిపోతుంది. సన్నగా తరిగి, కాస్త వెన్నలో తడి పోయేదాకా వేయించి, చల్లారాక పిండిలో కలపండి. తొమ్మిది ఉండలు చేసి, వెన్న రాసిన 8 అంగుళాల చదరపు ట్రేలో దగ్గర దగ్గరగా పెట్టి మళ్లీ బట్ట కప్పండి. ఇంకో 40 నిమిషాలు చేతిలో ఉన్నాయి.

[దృశ్యం: మిద్దెతోట. గ్రో బ్యాగులు, నానిన విత్తనాల గిన్నె.]

క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు మీద ఇప్పుడు ఆశ వదిలేయండి. కొత్తిమీర ఒక్కసారి వేసుకోవచ్చు, మార్చి దాటితే ఆకు కన్నా ముందు పువ్వే వస్తుంది. బెండ, బీర, సొర, కాకర, దోస, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూరలకు ఇది అసలు సిసలు అదును.

బెండ, కాకర గింజలను శనివారం రాత్రే నానబెట్టండి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కోకోపిట్ (కొబ్బరి పొట్టు) సమానంగా కలిపి, గుప్పెడు వేపపిండి వేస్తే మట్టి సిద్ధం. 12 అంగుళాల బ్యాగులో రెండు బెండ మొక్కలు చాలు, అంతకు మించితే ఏదీ సరిగ్గా కాయదు. గింజను అంగుళం లోతుకు మించి పెట్టకండి. వారం లోపే మొలకలు వస్తాయి, 50 రోజుల్లోపు తొలి కాయ కోస్తారు. బెండాకు ఈనెలు పసుపు రంగుకు తిరిగితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్, మందు లేదు. ఆ మొక్కను పీకేయడమే. ముందుజాగ్రత్తగా లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లుతుండండి.

బీరపాదు నిండా పూలున్నా కాయ నిలవట్లేదని చాలామంది బాధపడతారు. బీరపువ్వు విచ్చేది సాయంత్రం. ఆ వేళకు నగరంలో మిద్దెల మీద తేనెటీగలు తిరగవు. కాబట్టి ఆ పని మనమే చేయాలి. గుత్తులుగా వచ్చేవి మగపూలు. వెనకాల చిన్న పిందెతో ఒంటరిగా వచ్చేది ఆడపువ్వు. చీకటి పడుతుండగా ఒక మగపువ్వు తెంపి, రేకలు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. రెండు మూడు రోజుల్లో పిందె సాగడం కనిపిస్తుంది. పుప్పొడి అందని పిందె పసుపెక్కి రాలిపోతుంది.

[దృశ్యం: ఉదయం 8.30. ఓవెన్.]

ఓటీజీని (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 190 డిగ్రీలకు వేడి చేసి ఉంచుకోండి. ఉండలు ఒకదానికొకటి ఆనుకునేంత ఉబ్బాయి. పైన పాలు పూసి 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. పైన బంగారు రంగు వచ్చి, తడితే డొల్ల చప్పుడు రావాలి. తీయగానే వెన్న పూసి, ట్రేలోనే ఐదు నిమిషాలు ఉంచి, జాలీ మీదకు మార్చండి. వేడి మీద విడదీస్తే లోపల ముద్దగా అనిపిస్తుంది, ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టండి. ఉల్లిపాయ వేసిన టమాటా పచ్చడి పక్కన ఉంటే ఈ మెంతి బన్నులకు ఇంకేమీ అక్కర్లేదు.

ఉగాది దాటాక ఇదే పిండి త్వరగా పొంగుతుంది, నడకకు వెళ్లి వచ్చేలోపే మించిపోతుంది. అప్పటికి ఈస్ట్ అర టీస్పూన్‌కు తగ్గించి, పాలు చల్లగానే వాడండి.