తీగ బిగువు

శ్రోతలకు నమస్కారం.

కిందటి నెల మా మేనల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా, ఆదివారం ఖాళీయేనా? ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కోవాలి, నువ్వు తోడు రావాలి" అన్నాడు. ఏమి వాయిస్తావురా అని అడిగితే కాసేపు తటపటాయించి, "మెటల్" అన్నాడు. నేను ఏమీ అనకపోయేసరికి, "హార్డ్ రాక్ కూడా" అని చేర్చాడు, ఆ మాట కొంచెం మెత్తగా వినిపిస్తుందన్నట్టు. ఈ రెండూ గిటార్ మోతతో హోరెత్తే పాశ్చాత్య సంగీతపు రకాలు. ఆ మోత అంటే నాకు ముప్ఫై ఏళ్ళుగా ఇష్టమని వాడికి తెలియదు పాపం.

ఏది కొనాలో వాడు అప్పటికే తేల్చుకున్నాడు. ఫోనుకి బొమ్మ కూడా పంపాడు. నల్లటి నలుపు, ఎటు చూసినా కొమ్ములే. అందంగానే ఉంది. అయితే ఆ ఆకారం గిటార్లను కూర్చుని వాయించబోతే తొడ మీద నిలవవు, జారిపోతాయి. కొత్తగా నేర్చుకునేవాడు రోజుకు గంట వాయిస్తే ఆ గంటా కూర్చునే కదా వాయిస్తాడు.

"అది సరే గానీ, నీ వేళ్ళ సంగతి ఏమిటి?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. అందుకని ఒక కథ చెప్పాను. ఈ పావుగంటలో మీకూ అదే కథ చెబుతాను. గిటార్ కొనే సంగతి దాని వెంట అదే వస్తుంది.

అది 1965. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్, కర్మాగారాల ఊరు. టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రాడు రేకుల కర్మాగారంలో వెల్డింగ్ పని చేస్తున్నాడు. గిటార్ బాగా వాయిస్తాడు. జర్మనీ వెళ్ళి కచేరీలు చేయబోయే ఒక బృందంలో చోటు దొరికింది. కర్మాగారంలో అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి, ఇక తిరిగి వెళ్ళనని తల్లితో అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. వెళ్ళి పని సక్రమంగా ముగించి రమ్మంది. ఏ ఊరి తల్లి అయినా అదే అంటుంది. సరేనని వెళ్ళాడు.

ఆ రోజు రేకులు వంచే ప్రెస్ మీద పనిచేసే మనిషి రాలేదు. ఆ యంత్రం దగ్గర ఇతన్ని నిలబెట్టారు. అలవాటు లేని పని. ప్రెస్ కుడిచేతి మీద పడింది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాగేశాడు. మధ్యవేలు, ఉంగరపువేలు, ఆ రెండింటి కొసలూ అక్కడే ఉండిపోయాయి.

కుడిచెయ్యే కదా, గిటార్‌కి తీగలు నొక్కేది ఎడమచెయ్యి కదా అని మీరు అనుకుంటూ ఉండవచ్చు. అతనిది ఎడమచేతి వాటం. నొక్కే చెయ్యి కుడిదే. తీగలు నొక్కే నాలుగు వేళ్ళలో రెండింటికి కొసలు లేవు. ఇక గిటార్ మాట మరిచిపొమ్మన్నారు వైద్యులు.

దిగులుగా ఇంట్లో పడి ఉన్నవాడి దగ్గరికి కర్మాగారం మేనేజరు ఒక గ్రామఫోను రికార్డు పట్టుకొని వచ్చాడు. విను అన్నాడు. వినే ఓపిక లేదన్నాడు కుర్రాడు. అయినా పట్టుబట్టి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ అనే జాజ్ విద్వాంసుడి గిటార్ వాయింపు. అతను నొక్కే చేతికి రెండే వేళ్ళు పనిచేస్తాయి, 1928లో బండి ఇల్లు తగలబడి మిగతా రెండూ పనికి రాకుండా పోయాయి అని మేనేజరు చెప్పింది రికార్డు అయిపోయిన తరవాతే. ఆ మేనేజరు ఎవరో గానీ మహానుభావుడు. ముందు వినిపించాడు, తరవాత చెప్పాడు. ఈ వరస నాకు ఎంతో నచ్చుతుంది.

ఆ తరవాత అయోమీ చేసిన పని చూడండి. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళ సీసా తీసుకున్నాడు. ప్లాస్టిక్ సీసా. దాన్ని కరిగించి ఉండ చేశాడు. కాలిన సోల్డరింగ్ కడ్డీతో ఆ ఉండకు బెజ్జం చేసి, వేలికి సరిపడేదాకా గరుకు కాగితంతో అరగదీశాడు. దర్జీలు వేలికి పెట్టుకునే తొడుగు లాంటిది తయారైంది. ఒట్టి ప్లాస్టిక్ తీగ మీద జారిపోతుంది. పాత తోలు జాకెట్టు కత్తిరించి ఆ ముక్క పైన అతికించాడు. ఇప్పుడు తీగ పట్టు దొరికింది.

పట్టు దొరికింది కానీ తీగ తగిలిన స్పర్శ లేదు. ఎంత గట్టిగా నొక్కుతున్నాడో వేలికి తెలియదు, చెవితో తెలుసుకోవాలి. అప్పట్లో గిటార్‌కి దొరికే తీగలు లావు. వాటిని నొక్కితే నొప్పి. సన్నవి కావాలంటే దొరకలేదు. అందుకని బాంజో తీగలు తెచ్చి గిటార్‌కి కట్టాడు. బాంజో తీగలు! సన్నగా ఉంటాయి, తేలిగ్గా వంగుతాయి. వాద్యానికి చెయ్యిని అలవాటు చేయడం అందరూ చేసేదే. ఈయన వాద్యాన్నే చేతికి అలవాటు చేశాడు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు కూడా జంట తీగలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నారు కదా, గమకం పలకడానికి. నాకు ఈ ఇద్దరూ ఎప్పుడూ పక్కపక్కనే గుర్తుకొస్తారు. వాళ్ళ అభిమానులు నన్ను క్షమించాలి.

1968లో అయోమీ, మరో ముగ్గురు మిత్రులు కలిసి పెట్టిన బృందమే తరవాత బ్లాక్ సబ్బాత్ అనే మెటల్ బృందం అయింది. 1969 అక్టోబరులో మొదటి ఆల్బమ్ ఒకే రోజులో రికార్డు చేశారు. ఆ రోజు అయోమీ చేతిలో ఉన్నది ఫెండర్ కంపెనీ గిటార్, స్ట్రాటోకాస్టర్. రికార్డింగు మధ్యలో దాని పికప్ చెడిపోయింది. పికప్ అంటే తీగ కదలికను విద్యుత్తుగా మార్చే అయస్కాంతపు చుట్ట. ఇక దారి లేక, అవసరానికి ఉంటుందని పక్కన పెట్టుకున్న గిబ్సన్ కంపెనీ గిటార్, ఎస్‌జీ తీశాడు. ఆ తరవాత జీవితమంతా ఎస్‌జీ ఆకారమే ఆయన గుర్తు అయిపోయింది. ఏరి కోరి ఎంచుకున్నది కాదు, ఆ పూట చేతికి అందినది. ఏ గిటార్ మంచిదంటూ రాత్రంతా నిద్ర మానుకునే మా మేనల్లుడికి ఈ సంగతి రెండుసార్లు చెప్పాను.

1971లో వచ్చిన మూడో ఆల్బమ్‌కు వచ్చేసరికి కొన్ని పాటలకు శ్రుతి దించేశాడు. ఎంత? మూడు స్వరస్థానాలు, అంటే గిటార్ మీద మూడు మెట్లు. శ్రుతి దించితే తీగ వదులవుతుంది, గాయపడిన వేళ్ళకు సుఖం. శ్రుతి దించితే శబ్దం బరువెక్కుతుంది, చెవికి అదొక కొత్త రుచి. ఇవాళ మెటల్ అనగానే మనకు వినిపించే ఆ బరువైన, మందమైన, నేల అదిరే శబ్దంలో ఆ రెండు వేళ్ళ పాలు చాలా ఉంది.

ఇంకో ముచ్చట. ఈ సంగీతానికి వెన్నెముక లాంటి పవర్ కార్డ్ అనేది ఏమిటో తెలుసా? షడ్జమం, పంచమం. అంతే. గాంధారం ఉండదు. ఆంప్లిఫయర్‌ను బాగా పెంచి శబ్దాన్ని గరుకు చేసినప్పుడు గాంధారం కలిస్తే అంతా కలగాపులగం అవుతుంది, స-ప మాత్రం నిలుస్తాయి. మా అమ్మ వీణ పక్కన తంబూరా పలికేది కూడా ఆ స-పలే. ఇది చెప్పినప్పుడు అమ్మ నమ్మలేదు. వినిపిస్తే, "తంబూరాకి జ్వరం వచ్చినట్టుంది" అంది.

సరే, దుకాణానికి వెళ్దాం. సమయం పరుగెడుతోంది, అందుకని ఒక్క సంగతి గట్టిగా చెప్పి మిగతావి పైపైన చెబుతాను. ఆ ఒక్క సంగతీ తీగ బిగువు.

తీగ బిగువును మూడు తేలుస్తాయి. తీగ లావు, తీగ పొడవు, శ్రుతి. గిబ్సన్ తరహా గిటార్లలో కదిలే తీగ పొడవు సుమారు 24¾ అంగుళాలు, ఫెండర్ తరహాలో 25½. ముప్పావు అంగుళం ఒక లెక్కా అనిపిస్తుంది. అదే తీగ, అదే శ్రుతి అయినా పొడుగుదానిలో బిగువు ఆరు శాతం ఎక్కువ. ఇక శ్రుతి దించితే బిగువు పడిపోతుంది. మెటల్ వాయించేవాళ్ళలో చాలామంది అన్నిటికన్నా లావు తీగను రెండు స్వరస్థానాలు దించుకుంటారు, దాన్ని డ్రాప్ డి అంటారు. ఆ ఒక్క తీగలో ఇరవై శాతం బిగువు పోతుంది. అయోమీ లాగా అన్నీ మూడు దించితే దాదాపు ముప్ఫై శాతం పోతుంది.

పోతే ఏమిటి? ఆయన వేళ్ళకు అదే కావాలి. మనకు అన్ని వేళ్ళూ ఉన్నాయి. వదులు తీగను పిక్‌తో, అంటే మీటే చిన్న బిళ్ళతో, వేగంగా కొడితే అది కొరడాలా ఊగి మెట్లకు తగిలి గరగరమంటుంది. కొంచెం గట్టిగా నొక్కితే చాలు స్వరం పైకి ఎక్కిపోతుంది. అప్పుడు కుర్రవాడు గిటార్ మంచిది కాదనుకుంటాడు. ఇంకో గిటార్ కొంటాడు. దానికీ అవే తీగలు. మళ్ళీ అదే గరగర.

ముందుగా ఏ శ్రుతిలో వాయిస్తావో తేల్చుకో, తరవాత దానికి తగిన తీగలు కట్టించుకో. తీగలను వాటిలో అన్నిటికన్నా సన్నదాని లావుతో పిలుస్తారు. తొమ్మిది అంటే అంగుళంలో వెయ్యోవంతులు తొమ్మిది. మామూలు శ్రుతికి తొమ్మిదో పదో చాలు. తొమ్మిదికి అలవాటైన చెయ్యి మూడు స్వరస్థానాలు దించాక కూడా అదే బిగువు కోరుకుంటే దాదాపు పదకొండు కట్టాలి. ఇదేమీ పెద్ద ఖర్చు కాదు. గిటార్ ధరలో చాలా చిన్న పాలు.

అమ్మ వీణ ముందు కూర్చోగానే బిరడ ముట్టుకునేది కాదు. ముందు తీగ మధ్యలో వేలు పెట్టి ఒకసారి పక్కకు లాగి చూసేది. బిగువు వేలికి తెలియాలి అనేది. దుకాణంలో నేనూ అదే చేయించాను. ఆంప్లిఫయర్‌కి తగిలించకుండా, ఊరికే, ఒట్టి గిటార్‌ని. దుకాణం కుర్రాడు వింతగా చూశాడు. మెటల్ గిటార్‌ని మోత లేకుండా కొంటారా అని. అలాగే కొనాలి. మోతలో లోపాలు దాక్కుంటాయి. ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా నొక్కి వినమన్నాను. ఎక్కడైనా గరగరమన్నదా, ఎక్కడైనా శబ్దం చటుక్కున చచ్చిపోయిందా. పన్నెండో మెట్టు దగ్గర తీగ సగానికి వస్తుంది, అక్కడ నొక్కితే తారషడ్జమం. అక్కడే వేలు ఊరికే ఆనించి మీటినా అదే స్వరం రావాలి. రెండూ కలవకపోతే బ్రిడ్జి, అంటే గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగం, సరిచేయించాలి.

ఇక మిగతావి. పికప్‌లు రెండు చుట్టలవి తీసుకోండి, వాటినే హంబకర్ అంటారు. ఒంటి చుట్ట అయితే మన ఇళ్ళలోని 50 హెర్ట్జ్ కరెంటు హోరును కూడా పట్టుకుంటుంది, మోత పెంచేకొద్దీ ట్యూబులైటు, ఫ్యాను రెగ్యులేటరు కూడా కచేరీలో చేరతాయి. రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి ఆ హోరు ఒకదానికొకటి కొట్టేసుకునేలా చేశారు 1955లో గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్. చక్కటి ఆలోచన. అయితే అయోమీ అందుకున్న ఆ ఎస్‌జీలో ఉన్నవి ఒంటి చుట్టలే. కాబట్టి హంబకర్ లేకపోతే మెటల్ పలకదని ఎవరైనా అంటే నమ్మకండి. హోరు భరించలేక కొంటున్నాం, అంతే.

బ్రిడ్జి మాత్రం కదలనిది తీసుకోండి. ఈ మాట నా అనుభవం. నేను మొదట కొన్నది స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి ఉన్నది. ఒక తీగ శ్రుతి చేస్తే మిగతా అయిదూ తప్పేవి. అవి సరిచేస్తే మొదటిది తప్పేది. డ్రాప్ డి కోసం ఒక్క తీగ దించబోయి ఒక ఆదివారం మధ్యాహ్నం పూర్తిగా పోగొట్టుకున్నాను. స్వరాన్ని గిర్రున కిందికి జార్చి పైకి లాగే విన్యాసాలు చేయాలంటే అది కావాలి. అవి తరవాత నేర్చుకోవచ్చు.

డబ్బు సంగతి. చేతిలో పది రూపాయలుంటే పదీ గిటార్‌కి పెట్టవద్దు. ఆరు గిటార్‌కి, మూడు ఆంప్లిఫయర్‌కి, ఒకటి తీగలకూ సెటప్‌కూ, అంటే గిటార్‌ను సరిచేయించడానికీ. ఆ గరుకు శబ్దం పుట్టేది ఆంప్లిఫయర్‌లో కాబట్టి.

మా వాడు ఆ నల్ల కొమ్ములదాన్ని ఒళ్ళో పెట్టుకొని చూశాడు. రెండుసార్లు జారింది. మూడోసారి వాడే తిరిగి గోడకు తగిలించాడు. నాలుగైదు వాయించి, చివరికి సాదా ఆకారంలో ఉన్న ఒక ఎర్ర గిటార్ పట్టుకొని ఎంతసేపటికీ దించలేదు. పేరు కూడా చూడలేదు. దాని తీగలు తొమ్మిది లావువి. వాడు వాయించాలనుకున్న పాటలన్నీ రెండు స్వరస్థానాలు దించినవి. పది కట్టి, నెక్, అంటే మెట్లుండే మెడ, సరిచేసి ఇమ్మని అడిగాం. రెండు గంటలు పడుతుందన్నారు. ఎదురుగా ఇరానీ హోటల్ ఉంటే టీ తాగుతూ కూర్చున్నాం.

ఇంతలో మా చెల్లెలు ఫోను. "కొన్నారా అన్నయ్యా?" అంది. కొన్నామమ్మా, తీగలు మారుస్తున్నారు అన్నాను.

"ఇవాళే కొన్న గిటార్‌కి తీగలు మార్చడమేమిటి? మోసపోయారా ఏమిటి?" అంది కంగారుగా.

టీ కప్పు పక్కన పెట్టి, "1965లో బర్మింగ్‌హామ్‌లో ఒక కుర్రాడు ఉండేవాడమ్మా" అని మొదలుపెట్టాను.