కలర్ ఈ-రీడర్‌లో తెలుగు చదువు: రంగు వస్తుంది, తెలుపు పోతుంది

నమస్కారం అండి. మన సిక్కోలు, అదే శ్రీకాకుళం నుంచే మాట్లాడుతున్నాను. టేబుల్ మీద రెండు ఈ-రీడర్లు, అంటే పుస్తకాలు చదువుకునే ఎలక్ట్రానిక్ పలకలు, పక్కపక్కన పెట్టాను. కెమెరా దగ్గరకు తెస్తున్నా, కాస్త నిదానంగా చూడండి. ఎడమవైపుది బ్లాక్ అండ్ వైట్, కుడివైపుది కలర్. రెండింట్లోనూ ఒకే కథ, ఒకే పేజీ. రెండింటికీ లైట్ ఆపేశాను. ఎడమవైపు పేజీ న్యూస్‌పేపర్ తెలుపులో కనిపిస్తోంది. కుడివైపు పేజీ బూడిద రంగుకు తిరిగింది కదా? వీడియోలో ఏ మార్పూ చేయలేదు. కలర్ ఈ-రీడర్ కొనాలనుకునేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఈ తేడానే.

ఇలా ఎందుకవుతుందంటే, ఈ రీడర్లలో వాడే ఈ-ఇంక్ స్క్రీన్‌లో కంటికి కనపడనంత చిన్న గుళికలుంటాయి. వాటిలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. కరెంట్ ఇచ్చిన తీరును బట్టి తెల్లవో నల్లవో పైకి తేలతాయి. ఇక్కడివరకూ రంగన్నదే లేదు. నా దగ్గరున్నలాంటి కలర్ మోడల్లో దీని మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల పొర ఒకటి వేస్తారు. బయటి వెలుతురు ఆ పొరలోంచి లోపలికెళ్లి, మళ్లీ అందులోంచే మన కంటికి రావాలి. వెళ్లేటప్పుడు కొంత, వచ్చేటప్పుడు కొంత అక్కడే ఆగిపోతుంది. అందుకే తెలుపు తగ్గుతుంది.

నా దగ్గరున్నది ఏడు అంగుళాలది, లోపల కాలైడో 3 అనే కలర్ ఈ-ఇంక్ ప్యానెల్. ఆ ప్యానెల్ 2022లో వచ్చింది. కోబో లిబ్రా కలర్‌లోనూ, బూక్స్ గో కలర్ 7లోనూ ఉన్నది ఈ రకం ప్యానెలే. కాబట్టి ఈరోజు కంపెనీల జోలికి పోకుండా స్క్రీన్ గురించే మాట్లాడుకుందాం. నలుపు తెలుపు అక్షరాలు 300 పీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో వస్తాయి, రంగు మాత్రం 150 పీపీఐ. మొత్తం 4096 రంగులు. మన ఫోన్లలో 1.67 కోట్ల రంగులుంటాయి.

ఆ అంకెల తేడా కంటికి ఎలా ఉంటుందో చూపిస్తాను. ఇదిగో, వడ్డాది పాపయ్య గారు వేసిన చందమామ ముఖచిత్రం. వపా గారు 1921లో మన శ్రీకాకుళంలోనే పుట్టారు. నేను కలర్ ఈ-రీడర్ కొన్నదే ఆయన బొమ్మలు చూసుకోవాలని. ఆయన బొమ్మలో ఒక రంగు ఇంకో రంగులోకి ఎక్కడ జారిందో గీత గీసి చూపించలేం. ఈ స్క్రీన్‌కు సరిగ్గా అదే చేతకాదు. రంగు మెల్లగా మారాల్సిన చోట చుక్కలు చుక్కలుగా విడిపోతోంది, చూడండి. ఎరుపు వెలిసిపోయింది. ముఖాల్లో కళ తగ్గింది. ఆయన బొమ్మల కోసమైతే ఇది కొనకండి. ఫోన్లోనో ట్యాబ్‌లోనో చూడండి, ఇంకా మంచిది పాత సంచిక దొరికితే చేతిలో పట్టుకుని చూడండి. నాకు ఇది నిజంగా బాధ కలిగించిన విషయం.

ఇప్పుడు ఇది చూడండి. మా పాప సైన్స్ పాఠం పీడీఎఫ్, రక్త ప్రసరణ బొమ్మ. ధమనులు ఎరుపు, సిరలు నీలం. రంగు పాలిపోయే ఉంది, అయినా ఏది ఏదో వెంటనే తెలుస్తోంది. బ్లాక్ అండ్ వైట్‌లో రెండూ ఒకే బూడిద గీతలు, పిల్లకు ఏమీ అర్థం కాదు. మ్యాపులు, గ్రాఫులు, రంగు పెన్నుతో గీసుకున్న నోట్స్ అన్నీ అంతే. రంగు ఏదో ఒక విషయం చెబుతున్న చోట ఈ స్క్రీన్ పనికొస్తుంది. రంగే అందమైన చోట నిరాశపరుస్తుంది.

పాత తెలుగు కథలు చదివేవాళ్లకు అసలు సంగతి ఇది. మన ఊళ్లో కథానిలయం ఉంది కదా, తెలుగు కథల లైబ్రరీ, కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టారు. వాళ్ల వెబ్‌సైట్లో పాత పత్రికల కథల స్కాన్లు దొరుకుతాయి. అలాంటి పాత స్కాన్లలో కాగితం పసుపుపచ్చగా మారి ఉంటుంది. కలర్ రీడర్ ఆ పసుపును కూడా రంగనుకుని చూపించబోతుంది. దాంతో పేజీ అంతా నూకల్లాంటి చుక్కలు పరుచుకుంటాయి, వత్తులు వాటిలో కలిసిపోతాయి. కోరీడర్ అనే ఉచిత యాప్ వేసుకుంటే, సెట్టింగ్స్‌లో కలర్ రెండరింగ్ ఆపేయొచ్చు. ఆపేసి, కాంట్రాస్ట్ పెంచి, అంచులు కత్తిరించండి. చూశారా, క్షణంలో అక్షరం నల్లగా నిలబడింది! అంటే పాత కథ హాయిగా చదవాలంటే డబ్బు పెట్టి కొన్న రంగునే ఆపుకోవాలి.

ఈపబ్ పుస్తకాలకు, అంటే స్కాన్ కాకుండా అక్షరాలుగానే ఉండే ఈ-పుస్తకాలకు, ఇంత తంటా లేదు. సన్న గీతల ఫాంట్ మాత్రం వద్దు. నోటో సాన్స్ తెలుగులో మీడియం పెట్టుకోండి, బూడిద పేజీ మీద కూడా తేటగా ఉంటుంది.

ఇక వెలుతురు. పగలు వరండాలో కూర్చుంటే ఫోన్ స్క్రీన్ కనపడదు, ఇది మాత్రం ఎండలోనే బాగుంటుంది. రంగులు కూడా అప్పుడే మేలు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద మాత్రం ఫ్రంట్‌లైట్, అంటే రీడర్‌లోనే ఉండే లైట్, వేయక తప్పదు, పాత రీడర్‌లో కంటే ఎక్కువే పెట్టాలి. దాంతో చార్జింగ్ తొందరగా దిగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన జిల్లాలో ఎన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో మనకు తెలుసు. కరెంట్ పోయినప్పుడు కూడా నడవాలని ఈ-రీడర్ కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రంగు పేజీ తిప్పాక పాత బొమ్మ నీడ కొంచెం మిగులుతుంది. స్క్రీన్‌ను పూర్తిగా చెరిపి మళ్లీ గీసే ఫుల్ రిఫ్రెష్ పెట్టుకుంటే పోతుంది, పెద్ద ఇబ్బంది కాదు.

నా సలహా ఒకటే. కథలు, నవలలే చదివేవాళ్లు బ్లాక్ అండ్ వైట్ తీసుకోండి. స్కాన్లు ఎక్కువ చదివితే, రంగుకు పెట్టే డబ్బు పెద్ద సైజు స్క్రీన్ మీద పెట్టండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే, మ్యాపులూ బొమ్మలూ చూసే పనుంటే కలర్ తీసుకోవచ్చు. ఆన్‌లైన్లో కొంటే వాపసు గడువు ఉండగానే, రాత్రి పూట, మీరు రోజూ చదివే చోట కూర్చుని, మీ పీడీఎఫ్‌లే వేసి చూడండి. కలర్ వచ్చింది కదా అని పాత రీడర్‌ను మాత్రం అమ్మేయకండి. మా ఇంట్లో కలర్‌ది పాప దగ్గరుంది, నేను కథలు చదివేది పాతదాంట్లోనే.