అక్యురసీ 90 వస్తున్నా రేటింగ్ ఎందుకు కదలడం లేదు?

[కెమెరా ముందు]

నమస్కారం. ఆన్‌లైన్‌లో చెస్ గేమ్ అయిపోగానే చాలామంది చేసే పని ఒక్కటే: రివ్యూ బటన్ నొక్కి, అక్యురసీ, అంటే మన ఎత్తులు ఎంత సరిగ్గా ఉన్నాయో కంప్యూటర్ ఇచ్చే శాతం, ఎంత వచ్చిందో చూడటం. 88 వస్తే సంతోషం, 61 వస్తే నీరసం. ఆ వెంటనే ఇంకో గేమ్. రేటింగ్ మాత్రం నెలల తరబడి అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది. చివరికి "నాకు ఓపెనింగ్స్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరసలు) రావు, అందుకే ఓడిపోతున్నాను" అని తేల్చేసుకుని కొత్త ఓపెనింగ్ నేర్చుకోవడం మొదలుపెడతారు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఉండబట్టదు. మీ బలహీనత ఏమిటో ఆ శాతం చెప్పదు, ఓపెనింగ్ పేరూ చెప్పదు. అది మీరు ఆడిన ఎత్తులోనే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే, మీ బలం ఎక్కడ కనిపిస్తుందో చాలాసార్లు బలహీనత కూడా అక్కడే ఉంటుంది. ఇది నోటితో చెబితే తెలియదు, బోర్డు మీద చూడాల్సిందే. ఏడు ఎత్తుల్లో ముగిసే గేమ్ ఒకటి తీసుకుందాం. ఈ వీడియో అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

[బోర్డు]

తెల్ల బంటు ఈ4 (ఈ అంటే e నిలువు వరుస, 4 అంటే ఆ వరుసలో 4వ గడి), నల్ల బంటు ఈ5. తెల్ల గుర్రం ఎఫ్3, నల్ల గుర్రం సి6. తెల్ల బిషప్ సి4. ఇటాలియన్ గేమ్ అనే ఓపెనింగ్, మీరందరూ ఆడిందే. ఇప్పుడు నల్ల గుర్రం డి4కి దూకింది. దాంతో ఈ5 బంటుకు కాపలా పోయింది. తెల్లవైపు ఆడేవాళ్లకి ఊరికే బంటు దొరికింది కదా, గుర్రంతో కొట్టేశారు. వెంటనే నల్ల క్వీన్ జి5కి వచ్చింది. ఈ5లో ఉన్న గుర్రం మీద, జి2 బంటు మీద ఒకేసారి గురి.

ఇక్కడ తెల్లవైపు ఆడిన 5వ ఎత్తు చూడండి. గుర్రం ఎఫ్7 బంటును కొట్టి కూర్చుంది. ఇటు జి5లో ఉన్న క్వీన్‌కి, అటు హెచ్8లో ఉన్న ఏనుగుకి ఫోర్క్, అంటే ఒకే పావుతో రెండింటి మీద గురి. రాజుతో ఆ గుర్రాన్ని తీసేద్దామంటే సి4 బిషప్ కాపలా ఉంది. చూడటానికి ఎంత బాగుందో!

తర్వాత ఏం జరిగింది? నల్ల క్వీన్ జి2 బంటును కొట్టింది, హెచ్1 ఏనుగు మీద పడింది. ఏనుగు ఎఫ్1కి జరిగింది. క్వీన్ ఈ4 బంటును కొట్టి చెక్ ఇచ్చింది. బిషప్ ఈ2కి వచ్చి అడ్డం పడింది. గుర్రం ఎఫ్3. చెక్‌మేట్.

ఒక్కసారి రాజు పరిస్థితి చూడండి. చుట్టూ అన్నీ సొంత పావులే, కదలడానికి ఒక్క గడి లేదు. ఈ2 బిషప్ ఆ గుర్రాన్ని కొట్టేయొచ్చు కదా అనిపిస్తుంది. కొట్టడం కుదరదు. అది పక్కకి తప్పుకుంటే ఈ4 క్వీన్ ఎదురుగా రాజు ఉంటాడు. పిన్ అయిపోయింది. బిషప్‌కి బదులు క్వీన్‌ని అడ్డం పెట్టినా లాభం లేదు, డి4 గుర్రం ఆ క్వీన్‌నే తినేస్తుంది.

ఇది పాత ట్రాప్, బ్లాక్‌బర్న్ షిల్లింగ్ గాంబిట్ అంటారు. ట్రాప్ నేర్పడానికి ఇది చూపించలేదు. 5వ ఎత్తు కోసం చూపించాను.

ఆ ఎత్తు ఆడినవాళ్లకి ఫోర్క్ కనిపించింది. అది నిజమైన బలం. అదే పొజిషన్ పజిల్‌గా ఇస్తే రెండు సెకన్లలో ఫోర్క్ పెట్టేస్తారు. మరి లోపం ఎక్కడ? ఫోర్క్ కనపడగానే చూడటం ఆపేశారు. నాకేం దొరుకుతుందన్నది చూశారు, అవతలివాళ్లకి ఏం దొరుకుతుందన్నది చూడలేదు. ఎటాక్ బాగా కనిపించేవాళ్లలో ఇది మరీ ఎక్కువ. మంచి ఎత్తు దొరికిందన్న ఆనందంలో చెయ్యి ముందే మౌస్ మీదికి వెళ్లిపోతుంది.

ఇది కొత్తవాళ్ల జబ్బు మాత్రమే అనుకోకండి. 2006లో జర్మనీలోని బాన్‌లో క్రామ్నిక్, డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రామ్‌తో ఆడారు. అప్పటికి ఆయన ప్రపంచ చాంపియన్. 2వ గేమ్, 34వ ఎత్తులో క్వీన్‌ని ఈ3కి జరిపారు, క్వీన్లు మార్చుకుందామని. కంప్యూటర్ క్వీన్‌తో హెచ్7 కొట్టి ఒక్క ఎత్తులో మేట్ చేసింది. అంతటి ఆటగాడు కూడా తన ఆలోచనలో మునిగి ఎదుటి ఎత్తు మర్చిపోయాడంటే, మనం ప్రతి ఎత్తుకీ జాగ్రత్త పడాలి.

ఇప్పుడు పజిల్స్ విషయానికి వద్దాం. చాలామందికి పజిల్ రేటింగ్ గేమ్ రేటింగ్ కంటే చాలా పైన ఉంటుంది. "నాకు టాక్టిక్స్ (ఫోర్క్, పిన్ లాంటి ఎత్తుగడలు) వచ్చు, ఏదో టెన్షన్ వల్ల ఓడిపోతున్నా" అంటారు. పజిల్ తెరవగానే మీకు ఒక విషయం ముందే తెలిసిపోతుంది: ఇక్కడ ఏదో ఉంది. గేమ్‌లో ఆ మాట ఎవరూ చెప్పరు. పైగా చాలా పజిల్స్‌లో ఎటాక్ చేసేది మీరే. ఎదుటివాళ్ల బెదిరింపును పసిగట్టి ఆపడం అక్కడ తక్కువగా అలవాటవుతుంది. పజిల్స్ మానేయమని నేను అనను. వాటి రేటింగ్‌ని మీ మొత్తం బలంగా లెక్కేసుకోకండి, అంతే.

సరే, ఏం చేయాలి? మళ్లీ మన గేమ్ దగ్గరికే వెళ్దాం. 5వ ఎత్తులో గుర్రం ఎఫ్7 ఆడాలనుకున్నారు. చెయ్యి ఆపండి. ఆ గుర్రాన్ని మనసులోనే అక్కడ పెట్టి, నల్ల క్వీన్ ఇప్పుడు ఏమేం కొట్టగలదో చూడండి. రెండే ఉన్నాయి: డి2 బంటు, జి2 బంటు. డి2 కొడితే క్వీన్ పోతుంది. మిగిలింది జి2. కొట్టింది అనుకోండి, నా ఏనుగు మీద పడింది, ఈ4 బంటు కూడా దానికి వరుసలోకి వచ్చింది, ఈ4 కొడితే చెక్. చూశారా, పెద్ద లెక్కేమీ లేదు. పది, పదిహేను సెకన్ల పని. చెక్‌లు, కొట్టుళ్లు, బెదిరింపులు చూడండి అని కోచ్‌లు చెబుతూనే ఉంటారు. మనం దాన్ని మన ఎత్తుల కోసమే వాడతాం. ఎదుటివాళ్ల ఎత్తుల కోసం వాడినప్పుడే దాని అసలు విలువ తెలుస్తుంది.

ఇంకొంచెం వెనక్కి వెళ్లండి. నల్ల గుర్రం డి4కి వచ్చినప్పుడే, ఇది ఎందుకు వచ్చింది, ఈ5ని ఎందుకు వదిలేసింది అని అడిగి ఉంటే? గుర్రంతో ఆ గుర్రాన్ని కొట్టేయొచ్చు. బంటుతో తిరిగి కొడతారు. తెల్లవైపు హాయిగా కోట కట్టుకుని (క్యాసిలింగ్ చేసి) మెరుగైన ఆట ఆడుకోవచ్చు. ట్రాప్ లేదు, గొడవ లేదు.

[కెమెరా]

ఇదే గేమ్‌ని నల్లవైపు నుంచి కూడా చూడాలి, ఎందుకంటే గెలిచినవాళ్లకీ బలహీనత ఉంది. గుర్రం డి4 నిజానికి మంచి ఎత్తు కాదు. గెలిచారు కాబట్టి రేటింగ్ పెరిగింది, అదే మళ్లీ మళ్లీ ఆడతారు. ఏదో ఒక రోజు ఎదుటివాళ్లందరూ ఆ గుర్రాన్ని ప్రశాంతంగా కొట్టేసే స్థాయికి చేరుకుంటారు. అక్కడి నుంచి ఆట ఎలా నడపాలో వీళ్లకి తెలియదు. రేటింగ్ ఒకచోట గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోతే, మీరు గెలిచిన గేమ్‌లు తెరిచి చూడండి. మీ ఎత్తు వల్ల గెలిచారా, ఎదుటివాళ్ల తప్పు కోసం ఎదురుచూసి గెలిచారా? ఈ ప్రశ్న వేసుకునేవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు.

ఇక అక్యురసీ సంగతి. మీరు ఆడిన ప్రతి ఎత్తు వల్ల గెలిచే అవకాశం ఎంత తగ్గిందో కంప్యూటర్ లెక్క కడుతుంది. అంతవరకే. పావులన్నీ మార్చేసుకుని ఖాళీ బోర్డు మీద నడిచే గేమ్‌లో ఇద్దరికీ 90 దాటడం పెద్ద విషయం కాదు. రెండువైపులా రాజుల మీద ఎటాక్ నడుస్తున్న గేమ్‌లో 70 వచ్చినా గట్టిగా ఆడినట్టే. కాబట్టి సోమవారం గేమ్‌ని మంగళవారం గేమ్‌తో శాతం చూసి పోల్చకండి. ఎర్ర గుర్తు మీకు ఏ ఎత్తు తప్పో చెబుతుంది. ఎందుకు ఆడారో మీకే తెలుసు. బాగుపడటానికి కావాల్సింది ఆ "ఎందుకు".

అందుకే నేను అందరికీ చెప్పే పని ఇది. ఈమధ్య ఓడిపోయిన గేమ్‌లు కొన్ని తీసుకోండి. ఇంజిన్, అంటే ఎత్తులు లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్, ఆపేయండి. ఆట ఎక్కడ చేజారిందో మీరే వెతికి, అక్కడ ఒక్క ముక్క రాయండి. "అసలు చూడలేదు" అని రాస్తే, మన గేమ్‌లో 5వ ఎత్తు లాంటిది. దానికి మందు ఇందాక చెప్పిన ఆ పది సెకన్ల తనిఖీయే. "చూశాను గానీ టైం లేదు" అని ఎక్కువసార్లు వస్తే, మీ టైం కంట్రోల్, అంటే గేమ్‌కి పెట్టుకునే సమయం, మార్చాలి. "అంతా కనిపించింది, ఏం చేయాలో తోచలేదు" అని వస్తేనే పుస్తకాలు, పాఠాలు, ప్లాన్లు. ఆ తర్వాతే ఇంజిన్ ఆన్ చేసి సరిచూసుకోండి. మొదటి రకం తప్పుకి మూడో రకం మందు వేసుకునేవాళ్లే ఎక్కువ. నా బాధంతా అదే.

టైం గురించి లెక్క చూడండి. 40 ఎత్తుల గేమ్ అనుకుందాం. 3 నిమిషాల బ్లిట్జ్‌లో ఎత్తుకి నాలుగున్నర సెకన్లు. 10 నిమిషాల గేమ్‌లో 15 సెకన్లు. అదే 15 నిమిషాలకి, ప్రతి ఎత్తుకీ 10 సెకన్లు కలిసే గేమ్‌లో సుమారు 32 సెకన్లు. ఎదుటి ఎత్తు తనిఖీకి పది, పదిహేను సెకన్లు కావాలన్నప్పుడు అది ఎక్కడ అలవాటవుతుంది? బ్లిట్జ్‌లో మీకు ఇప్పటికే ఉన్న అలవాటు బయటపడుతుంది, కొత్తది పుట్టదు. ఎత్తు ఎత్తుకీ సెకన్లు కలిపే పద్ధతి మాజీ ప్రపంచ చాంపియన్ బాబీ ఫిషర్ తెచ్చినది. 1992లో స్పాస్కీతో ఆడిన మ్యాచ్‌లో ఆ గడియారమే వాడారు. గెలిచే పొజిషన్‌లో ఉండి టైం అయిపోయి ఓడిపోయే బాధ నుంచి చాలావరకు కాపాడింది ఆ పద్ధతే. ఆన్‌లైన్ ఆటకి ఆయన ఇచ్చిన గొప్ప కానుక అదే అంటాను.

ఇంకొకటి. 1973లో చేజ్, సైమన్ అనే పరిశోధకులు ఆటగాళ్లకి బోర్డును 5 సెకన్లు చూపించి, పావులు ఎక్కడున్నాయో పేర్చమన్నారు. నిజమైన గేమ్‌లోని పొజిషన్ అయితే మాస్టర్ మిగతావాళ్లకంటే చాలా బాగా పేర్చాడు. పావులు ఇష్టమొచ్చినట్టు చల్లి చూపిస్తే ఆ తేడా దాదాపు పోయింది. అంటే మాస్టర్ బుర్రలో ఉన్నది గొప్ప జ్ఞాపకశక్తి కాదు, చూసి చూసి తెలిసిన అమరికలు. అందుకే వెయ్యి కొత్త పజిల్స్ వెంట పడటం కంటే, కొన్ని తేలిక పజిల్స్‌నే మళ్లీ మళ్లీ చేయడం మంచిదంటాను. ఎఫ్3లో గుర్రం, e నిలువు వరుసలో పిన్, ఇరుక్కున్న రాజు. ఈ అమరిక ఒక్కసారి కంటికి పడితే ఇక వదలదు.

[టైమర్ చూస్తూ]

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఎండ్‌గేమ్, అంటే కొద్ది పావులే మిగిలిన చివరి దశ. రాజు-బంటు ఆటలు, అపోజిషన్ (రాజులు ఎదురెదురుగా నిలిచే అమరిక), ఏనుగులతో లుసెనా (గెలిచే అమరిక), ఫిలిడోర్ (డ్రా కాపాడుకునే అమరిక) పొజిషన్లు. ముందు ఇవి చాలు. పావులు మార్చుకునే ముందు మిగిలేది గెలుపా, డ్రానా అని తెలియాలి. 2024 ప్రపంచ చాంపియన్‌షిప్ చివరి గేమ్, 55వ ఎత్తు: అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ ఏనుగును ఎఫ్2లో పెట్టారు. గుకేశ్ ఏనుగులు మార్చి, వెంటనే బిషప్‌ని డి5కి తెచ్చి, మూలన ఎ8లో ఇరుక్కున్న తెల్ల బిషప్‌ని కూడా మార్పించారు. ఒక బంటు ఎక్కువ ఉన్న రాజు-బంటు ఆట మిగిలింది, టైటిల్ మారిపోయింది. మళ్లీ అదే కథ, ఎదుటి ఎత్తు.

ఓపెనింగ్. తెల్లకి ఒకటి, నల్లకి రెండు. ఏడాది పాటు మార్చకండి.

రేటింగ్. సైట్ మీకు సమానమైనవాళ్లనే వెతికి ఇస్తుంది కాబట్టి సగం గేమ్‌లు ఓడటం మామూలే. 200 పాయింట్లు ఎక్కువున్నవాళ్ల దగ్గర కూడా నాలుగో వంతు దాకా పాయింట్లు రావచ్చు. ఒక సైట్ రేటింగ్‌ని ఇంకో సైట్‌తో పోల్చకండి, లెక్కలు వేరు. లిచెస్ అనే సైట్‌లో అయితే కొత్త ఖాతానే 1500 తో మొదలవుతుంది.

వరసగా రెండు ఓడితే ఆ పూటకి ఆపేయండి. కోపంతో ఆడే మూడో గేమ్‌లో తనిఖీ ఎవరూ చేయరు.

కామెంట్లో గేమ్ మొత్తం పెట్టకండి. మీరు ఓడిన ఎత్తు ఏది, అది ఎందుకు ఆడారు, ఈ రెండే రాయండి. వచ్చే వీడియోలో వాటిలో కొన్ని తీసుకుని బోర్డు మీద పెట్టి చూద్దాం.