చెప్పులు విడిచిన చోట్లు

సభలోని పెద్దలకీ, స్నేహితులకీ, వెనక నిలబడి వింటున్న పిల్లలకీ నమస్కారం.

శ్రీలంక ప్రయాణం గురించి మాట్లాడమన్నారు. ఏమేం చూశానో, ఎంత ఖర్చయిందో చెబితే చాలనుకుని రాసుకోవడానికి కూర్చున్నాను. కానీ ఎంతసేపు ఆలోచించినా గుర్తొచ్చినవన్నీ నేను చెప్పులు విడిచిన చోట్లే. అందుకని వాటి గురించే చెబుతాను.

నేను తిరిగింది 24 రోజులు. వీపు మీద 7 కిలోల సంచి, అందులో మూడు జతల బట్టలు, ఒక దుప్పటి. ఎక్కువగా ఎక్కింది ప్రభుత్వ బస్సులు. మనం ఎర్రబస్సు అంటామే, అక్కడ కూడా అవి ఎర్రగానే ఉంటాయి. మనవాళ్ళు చాలామంది రామాయణ యాత్ర ప్యాకేజీలో వెళ్ళి, ఏసీ వ్యానులో నువర ఎలియ దగ్గరి సీతమ్మ గుడి దాకా చూసొస్తారు. భక్తితో వెళ్ళేవాళ్ళని నేనేమీ అనను. కాకపోతే అద్దాలు మూసిన వ్యానులో ఆ దేశం మనుషులు మనకి తగలరు. నాకు వాళ్ళే కావాలనిపించింది.

మొదటి రోజే బస్సులో ఒక తప్పు చేశాను. ముందు సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నాను. కండక్టర్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి "మల్లీ" అన్నాడు. మళ్ళీ ఏమిటి, అనుకున్నాను. తర్వాత తెలిసింది, సింహళంలో మల్లి అంటే తమ్ముడు. ఆ సీటు భిక్షువులకీ మతగురువులకీ కేటాయించిందట. అతను నన్ను వెనక్కి తీసుకెళ్ళి కిటికీ పక్కన చోటు చూపించాడు. సింహళంలో అక్క అంటే అక్కే, అమ్మ అంటే అమ్మే. అయ్యా అంటే మాత్రం అన్న. ఆ 24 రోజుల్లో నన్ను ఎవరూ సార్ అనలేదు. టీకొట్టులో, లాడ్జిలో, రైలు పెట్టెలో అందరికీ మల్లినే. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నానన్న టెన్షన్ ఆ పిలుపుతోనే సగం పోయింది.

అనురాధపురం పౌర్ణమి రోజున వెళ్ళాను. అక్కడ ప్రతి పౌర్ణమీ సెలవే, పోయ అంటారు. ఊరు ఊరంతా తెల్లబట్టల్లో ఉంది. రువన్‌వెలి స్థూపం చుట్టూ పరిచిన రాళ్ళు మిట్టమధ్యాహ్నం పెనంలా కాలుతున్నాయి. అరికాళ్ళు మండి నేను ఎగిరెగిరి నడుస్తుంటే, ఒక పెద్దావిడ చెట్టు నీడలో చోటు చూపించి చేతిలో తామర మొగ్గ పెట్టింది. దాన్ని అలాగే దేవుడి ముందు పెట్టరు. పై రేకు నుంచి మొదలుపెట్టి ఒక్కో రేకునీ వెనక్కి వంచి లోపలికి మడవాలి, చిరగకూడదు. నేను రెండు రేకులు చింపేశాను. ఆవిడ నా వేళ్ళు పట్టుకుని చేయించింది. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. పావుగంటలో మొగ్గ పువ్వయింది.

పక్కనే శ్రీ మహాబోధి. అశోకుడి కూతురు సంఘమిత్ర గయ నుంచి తెచ్చిన కొమ్మ నుంచి పెరిగిన చెట్టని వాళ్ళ నమ్మకం, రెండువేల ఏళ్ళకు పైబడిన చరిత్ర. ఆ చెట్టు ముందు కూర్చున్నప్పుడు నాకు మన నాగార్జునకొండ గుర్తొచ్చింది. మూడో శతాబ్దంలో బోధిసిరి అనే ఉపాసిక అక్కడ వేయించిన శాసనంలో సింహళ విహారం పేరుంది. ఆ విహారంలో బోధివృక్షానికి ఆమె ఒక ప్రాసాదం కట్టించింది. అంటే కృష్ణ ఒడ్డున సింహళ భిక్షువులు ఉండేవారు, వాళ్ళకి మన ఊళ్ళో ఒక బోధిచెట్టు ఉండేది. ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది. వాళ్ళ చెట్టు మాత్రం ఇంకా చిగురేస్తోంది.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతాను. మధ్యాహ్నం ఏ చిన్న కొట్టుకెళ్ళినా అన్నం, పప్పు, లేత పనసకాయ కూర, సరస్వతి ఆకు తరిగి కొబ్బరి కలిపిన పచ్చడి. పొల్ సంబోల్ అని కొబ్బరి కోరులో ఎండుమిర్చి, ఉల్లిపాయ, నిమ్మరసం వేసి నూరుతారు. శాకాహారులు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: అందులో ఎండుచేప పొడి వేయడం మామూలు, ఉంబలకడ అంటారు. ముందే అడగాలి.

ఇక శ్రీపాద. నేను శ్రీలంక వెళ్ళింది అసలు దీని కోసమే. 2,243 మీటర్ల కొండ. పైన రాతి మీద ఒక అడుగు గుర్తు ఉంది. బౌద్ధులకి అది బుద్ధుడి పాదం, హిందువులకి శివుడి పాదం, ముస్లింలకీ క్రైస్తవులకీ ఆదాముది. నలుగురూ ఒకే మెట్లెక్కుతారు. హట్టన్‌లో రైలు దిగి, రెండు బస్సులు మారి, నల్లతన్ని చేరాను. రాత్రి రెండింటికి బయలుదేరాను. మెట్లు ఐదువేలకు పైనే. కింద నుంచి చూస్తే దీపాల వరస కొండ చుట్టూ తిరిగి నక్షత్రాల్లో కలిసిపోతోంది.

దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళని చూసి "కరుణావయి" అంటారు. కరుణ కలుగుగాక అని. ఎక్కేవాళ్ళు తిరిగి అదే అంటారు. మొదట్లో సిగ్గుపడి ఊరుకున్నాను. సగం దూరం వచ్చేసరికి, ఊపిరి అందకపోయినా, ఆ మాట నా నోట్లోంచి అదే వచ్చేస్తోంది. ఇండికటుపాన అని ఒక మజిలీ ఉంది. బుద్ధుడు అక్కడ కూర్చుని తన చీవరం, అంటే భిక్షువులు కప్పుకునే వస్త్రం, కుట్టుకున్నాడంటారు. మొదటిసారి ఎక్కేవాళ్ళు అక్కడ సూదీ దారం ఉంచి, దారం కొస వదులుతూ పైకి నడుస్తారు. ఒక ముసలమ్మని ఇద్దరు మనవలు చెరో చెయ్యీ పట్టుకుని ఎక్కిస్తున్నారు. ఆమె వట్టి కాళ్ళతోనే ఉంది. నేను మొదటిసారి వచ్చానని తెలిసి తన దారపు ఉండ నాకిచ్చింది. అప్పటికే మెట్ల పక్కన వేలమంది వదిలిన తెల్లటి దారాలు మంచుకి తడిసి, లైటు వెలుగులో పొగమంచు పోగుల్లా వేలాడుతున్నాయి. నా దారం వాటిల్లో ఎక్కడ కలిసిందో నాకే తెలియలేదు.

పైన చెప్పులు విడిస్తే రాయి ఐసులా ఉంది. గంట ఒకటుంది, ఎన్నిసార్లు ఎక్కితే అన్నిసార్లు కొట్టాలి. నేను ఒక్కటి కొట్టాను. నా వెనక ముసలమ్మ కొడుతూనే ఉంది, మనవడు వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు. పదిహేడు. సూర్యుడొచ్చాక అందరూ తూర్పు వదిలి పడమటి వైపు పరిగెత్తారు. కొండ నీడ అటువైపు మంచు మీద త్రికోణంలా పడింది. కొండకి అంత తిన్నని నీడ ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

క్యాండీ గురించి ప్రతి తెలుగువాడికీ తెలియాలని నాకు గట్టిగా ఉంది. ఆ రాజ్యాన్ని 1739 నుంచి 1815 దాకా ఏలిన చివరి నలుగురు రాజులు నాయక వంశం వాళ్ళు. తమిళనాడులోని మధురై వైపు నుంచి వచ్చినవాళ్ళు, తెలుగు మూలాలున్నవాళ్ళు. వాళ్ళలో కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్ నుంచి భిక్షువుల్ని రప్పించి, ఆగిపోయిన ఉపసంపదని, అంటే పూర్తి భిక్షువుగా మారే దీక్షని, మళ్ళీ మొదలుపెట్టించాడు. బుద్ధుడి దంతం పేరుతో ఒక పేటికని ఏనుగు మీద ఊరేగించే ఎసల పెరహెర ఇప్పటి రూపానికి వచ్చింది కూడా ఆయన కాలంలోనే. ఆ దంతం ఉన్న గుడి దళద మాలిగావ. దాని గడప దగ్గర చెప్పులు అప్పగించి, లోపల డోళ్ళ మోత వింటూ నిలబడితే నాకు గొంతు పట్టుకుంది. చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుణ్ణి బ్రిటిష్‌వాళ్ళు పట్టుకుని వేలూరు కోటకి పంపారు. 1832లో అక్కడే చనిపోయాడు. చిత్తూరువాళ్ళు ఆస్పత్రి పని మీద వెళ్ళే వేలూరే. పాలారు ఒడ్డున ఆయన సమాధి ఉంది, ఈసారి వెళ్తే చూసి రండి.

తెలుగు అక్కడ రాజులతోనే ఆగిపోలేదు. అహికుంటకులని ఒక సంచార జాతి ఉంది. పాములాడించడం, చేతులు చూసి జోస్యం చెప్పడం వాళ్ళ వృత్తి. ఇంట్లో మాట్లాడేది ఒకరకం తెలుగు. లిపి తెలియదు, పిల్లలు బడిలో నేర్చేది సింహళమో తమిళమో. ఒక బస్టాండులో చిల్లర లెక్కపెడుతున్న ఒకావిడ నోట "ఒకటి, రెండు, మూడు" విని నేను సంచి దించి నిలబడిపోయాను. ఆ తెలుగు ఇంకో తరం ఉంటుందో లేదో. మన విశ్వవిద్యాలయాలు వెళ్ళి వాళ్ళ మాటలు రికార్డు చేసి దాచాలని ఈ వేదిక మీద నుంచి అడుగుతున్నాను.

చివరిగా యాళ్పాణం, అంటే జాఫ్నా. అంతర్యుద్ధంలో పోయిన రైలు పట్టాలు మళ్ళీ వేశాక 2014 నుంచి యాళ్ దేవి రైలు అక్కడిదాకా వెళ్తోంది. స్టేషన్ నుంచి నేరుగా గ్రంథాలయానికి నడిచాను. 1981లో ఒక రాత్రి దాన్ని తగలబెట్టారు. సుమారు 97,000 పుస్తకాలు, తాటాకు గ్రంథాలు, ఇంకెక్కడా ప్రతి లేనివి కూడా, బూడిదయ్యాయి. మళ్ళీ కట్టి 2003లో తెరిచారు. తెల్లటి భవనం, ముందు సరస్వతీదేవి విగ్రహం. మనం ఇప్పుడు ఒక గ్రంథాలయంలోనే కూర్చున్నాం కాబట్టి మీకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

లోపలికి వెళ్ళబోతుంటే కాపలా ఆయన నా కాళ్ళ వైపు చూశాడు. చెప్పులు విడిచాను. ఎక్కడ పెట్టాలా అని చూస్తే మెట్ల పక్కన చోటు లేదు. బడి నుంచి నేరుగా వచ్చిన పిల్లల బూట్లు, మేజోళ్ళు లోపల కుక్కి, వరసగా గోడ చివరిదాకా ఉన్నాయి.